పట్టికలో వైద్యులు... పల్లెలో ఖాళీలు

దేశంలో ప్రతి 811 మందికి ఒక వైద్యుడు ఉన్నాడని కేంద్ర ప్రభుత్వం 2025లో పార్లమెంటుకు తెలియజేసింది. అంతకుముందు సంవత్సరం ఇదే ప్రభుత్వం చెప్పిన లెక్క 836 మందికి ఒకరు. వెయ్యి మందికి ఒక వైద్యుడు ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణమనీ, దానిని భారతదేశం ఎప్పుడో దాటిందనీ కొన్నేళ్లుగా అధికార ప్రకటనలలో వినిపిస్తున్నది. వినడానికి సంతోషం కలిగించే మాటే. అయితే ఈ అంకెను పట్టుకుని జార్ఖండ్‌లోని తూర్పు సింగ్‌భూమ్ జిల్లాకు వెళ్ళి, జంషెడ్‌పూర్ నగరంలో ఒకసారి, ఆ నగరం దాటి డుమరియా, చాకులియా, బహరాగోడా వైపు మరొకసారి పరీక్షించి చూస్తే, వైద్యుడు ఉన్నాడనడానికీ, రోగికి వైద్యుడు దొరుకుతాడనడానికీ మధ్య ఎంత దూరం ఉన్నదో తెలుస్తుంది.

ఉక్కు నగరం నేర్పే పాఠం

జంషెడ్‌పూర్ తెలుగువారికి కొత్త ఊరు కాదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి తరాల క్రితమే కూలికి, కొలువుకు తరలివెళ్ళిన కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. ఆ నగరం పుట్టుకలోనే వైద్యం ఒక భాగం. ఉక్కు కర్మాగారం ఇంకా నిర్మాణంలో ఉండగానే, 1908లో, అక్కడ ఒక చిన్న వైద్యశాల వెలిసింది. అదే తరువాత టాటా మెయిన్ హాస్పిటల్‌గా పెరిగింది. కర్మాగారంలో ఉక్కు తయారీ 1912లో మొదలుకాగా, కార్మికులకు ఉచిత వైద్య సహాయం 1915 నుంచే అమలులోకి వచ్చింది. స్వతంత్ర భారతదేశంలో కార్మిక రాజ్య బీమా చట్టం రావడానికి ఇది మూడు దశాబ్దాలకు ముందటి మాట.

ఆ రోజులలో ఆ ఊరి పేరు సాక్చి. చుట్టూ అడవి, కొండలు, ఆదివాసీ పల్లెలు, పక్కన సువర్ణరేఖ, ఖర్కాయి నదులు. జంషెడ్‌పూర్ అన్న పేరు 1919లో గాని రాలేదు. అటువంటి మారుమూలకు వైద్యులు వెళ్ళారు, అక్కడే ఉండి పనిచేశారు. ఎందుకు? అక్కడ ఉద్యోగమున్నది, నెలనెలా జీతమున్నది, ఉండటానికి ఇల్లున్నది, పనిచేయడానికి మందులూ పరికరాలూ నర్సులూ ఉన్న ఆస్పత్రి ఉన్నది. డాక్టర్లు అడవి ప్రాంతాలకు వెళ్ళరని, పల్లెలంటే వారికి గిట్టదని నేడు పాలకులు చెప్పే సాకుకు శతాబ్దం క్రితమే సాక్చి జవాబు చెప్పింది. వైద్యుడు వెళ్ళనిది అడవికి కాదు. ఏర్పాటు లేని చోటికి.

ఈ పాఠానికి రెండో వైపు కూడా ఉన్నది. కంపెనీ కట్టిన ఆస్పత్రి కంపెనీ కార్మికుని, అతని కుటుంబాన్ని ముందు చూస్తుంది. బయటివారు డబ్బు చెల్లించి వైద్యం పొందవలసి ఉంటుంది. జార్ఖండ్‌లో పెద్ద ఆస్పత్రులు అనేకం ఈ విధంగా పరిశ్రమల చుట్టూ పుట్టినవే. బొకారోలో ఉక్కు కర్మాగారపు ఆస్పత్రి, ధన్‌బాద్‌లో బొగ్గు గనుల ఆస్పత్రి, జాదుగూడలో యురేనియం సంస్థ ఆస్పత్రి ఇందుకు ఉదాహరణలు. జీతపు పట్టీలో పేరున్నవానికి వైద్యుడు దగ్గర. ఆ పట్టీలో పేరు లేని కూలికి, రైతుకు, అడవిలో ఆకు ఏరుకునే ఆదివాసీకి దూరం.

వీరికి దిక్కు ప్రభుత్వ వైద్యశాల. జంషెడ్‌పూర్‌లో మహాత్మా గాంధీ స్మారక వైద్య కళాశాల 1961లో ఏర్పడింది. తూర్పు సింగ్‌భూమ్, పశ్చిమ సింగ్‌భూమ్, సరాయ్‌కేలా-ఖర్సావాన్ జిల్లాలకు పెద్ద ప్రభుత్వాస్పత్రి దీనిదే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ మూడు జిల్లాలలో 48 లక్షలకు పైగా ప్రజలున్నారు. పొరుగున ఉన్న ఒడిశా, పశ్చిమ బెంగాల్ పల్లెల రోగులు దీనికి అదనం. జంషెడ్‌పూర్‌లో రెండో వైద్య కళాశాల, ప్రైవేటు రంగంలో, 2020లో గాని రాలేదు. అంటే దాదాపు ఆరు దశాబ్దాలపాటు ఇంత ప్రాంతానికి ఒకే వైద్య కళాశాల.

జిల్లా మొత్తం డాక్టర్లను జిల్లా మొత్తం జనాభాతో భాగిస్తే వచ్చే సగటు బాగానే ఉండవచ్చు. కాని ఏటి సగటు లోతు మోకాలి బంటేనని లెక్క కట్టి పిల్లలను ఏట్లోకి దింపిన కరణం కథ తెలుగువారందరికీ తెలిసినదే. లెక్క తప్పలేదు, పిల్లలు మాత్రం మునిగిపోయారు. బిష్టుపూర్, సాక్చి వీధులలోని డాక్టర్లను బహరాగోడా రోగి ఖాతాలో వేయడం ఇటువంటి లెక్కే.

అంకె ఎలా పెరిగింది?

దేశం మొత్తానికి చెబుతున్న 811 అన్న అంకె పుట్టుకను కూడా పరిశీలించవలసి ఉన్నది. 2024 జూలై నాటికి దేశంలో రిజిస్టరైన అల్లోపతి వైద్యులు 13,86,136 మంది. వీరిలో నూటికి 80 మంది అందుబాటులో ఉన్నారని ప్రభుత్వం అనుకున్నది. వారికి ఆయుర్వేద, హోమియో, యునానీ మొదలైన ఆయుష్ వైద్యులు 5.65 లక్షల మందిని కలిపి 836 మందికి ఒకరన్నది. 2025లో చెప్పిన లెక్కలో అల్లోపతి వైద్యులు 13,88,185 మంది, ఆయుష్ వైద్యులు 7,51,768 మంది.

ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూస్తే విషయం బోధపడుతుంది. అల్లోపతి రిజిస్టరులో పెరిగినవారు రెండు వేల మంది చిల్లర. ఆయుష్ పద్దులో పెరిగినవారు దాదాపు 1.87 లక్షల మంది. కనుక నిష్పత్తి 836 నుంచి 811కు మెరుగుపడటానికి కారణం ఆస్పత్రులలో డాక్టర్లు పెరగడం కాదు, లెక్కలోని ఒక పద్దు పెరగడం. ఆయుష్ వైద్యులను తక్కువ చేయడం ఇక్కడ ఉద్దేశం కాదు. వారి వైద్యానికి వారి స్థానమున్నది. కాని కాన్పు కష్టమైన తల్లికి శస్త్రచికిత్స చేయవలసి వచ్చినప్పుడు, పాము కరిచినవానికి ఊపిరి అందించవలసి వచ్చినప్పుడు ఈ రెండు పద్దులు ఒకటి కావు. ఆయుష్‌ను పక్కన పెట్టి, ప్రభుత్వం అనుకున్న నూటికి 80 మందినే లెక్కించినా, 140 కోట్ల జనాభాలో సుమారు 1,260 మందికి ఒక అల్లోపతి వైద్యుడు తేలుతాడు.

పోనీ ఆ 80 శాతం ఎక్కడి నుంచి వచ్చింది? అది ఎవరూ ఊరూరా తిరిగి లెక్కించినది కాదు, ఊహ మాత్రమే. రాష్ట్రాల వైద్య మండలుల రిజిస్టర్లలో పేరు ఎక్కడం సులభం, తొలగడం కష్టం. మరణించినవారి పేర్లు, వృత్తి మానినవారి పేర్లు, విదేశాలకు వెళ్ళిపోయినవారి పేర్లు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి. అమెరికాలో, బ్రిటన్‌లో పనిచేస్తున్న భారతీయ వైద్యుల సంఖ్య తక్కువ కాదు. సంపన్న దేశాలలో భారతదేశంలో చదివిన వైద్యులు దాదాపు 75 వేల మంది ఉన్నారని అంచనా. విశాఖపట్నం, కాకినాడ, గుంటూరు, వరంగల్, హైదరాబాద్ వైద్య కళాశాలలలో చదివి అక్కడ స్థిరపడినవారు లేని పెద్ద నగరం అమెరికాలో ఉండదేమో. వారి రోగులు అక్కడివారు. పేర్లు మాత్రం ఇక్కడి రిజిస్టర్లలో మిగిలిపోవచ్చు.

పైగా జార్ఖండ్ రాష్ట్రం 2000 నవంబరు 15న ఏర్పడింది. అంతకుముందు అక్కడి వైద్యులు బీహార్ రిజిస్టరులో చేరినవారు. ఏ రాష్ట్రంలో పేరు నమోదైనదో ఆ రాష్ట్రంలోనే వైద్యుడు పనిచేస్తున్నాడన్న హామీ లేదు. అందువల్ల రాష్ట్రాలవారీ నిష్పత్తులు దేశపు నిష్పత్తి కన్న మరింత మోసపుచ్చుతాయి.

పనిచేస్తున్న వైద్యుడెవరు?

అభివృద్ధి చెందిన దేశాల ఆర్థిక సహకార సంస్థ తన గణాంకాలలో వైద్యులను మూడు విధాలుగా చూస్తుంది. లైసెన్సు ఉన్నవారు ఒకరు. పరిపాలన, పరిశోధన సహా వైద్యరంగంలో ఏదో ఒక పనిలో ఉన్నవారు ఒకరు. రోగులను స్వయంగా చూస్తున్నవారు ఒకరు. ప్రజలకు కావలసిన లెక్క మూడవది. ఆ సంస్థలోని దేశాలలో వెయ్యి మందికి సగటున 3.7 మంది వైద్యులు ఉన్నారని 2021 నాటి లెక్క.

ఇటువంటి తేడా భారతదేశంలో ఎంత ఉన్నదో 2021లో ప్రచురితమైన ఒక అధ్యయనం బయటపెట్టింది. రిజిస్టర్ల ప్రకారం పది వేల మందికి 8.8 మంది అల్లోపతి వైద్యులు ఉండగా, 2017-18 నాటి జాతీయ నమూనా సర్వేను బట్టి నిజంగా పనిలో ఉన్నవారు 6.1 మంది మాత్రమే. వారిలో తగిన చదువు ఉన్నవారినే లెక్కిస్తే మిగిలేది అయిదుగురు. అంటే రెండు వేల మందికి ఒకరు. నర్సుల సంగతి మరీ దారుణం. రిజిస్టర్లలో పది వేల మందికి 17.7 మంది ఉండగా, పనిలో ఉండి అర్హత గలవారు ఆరుగురు.

రెండు వేల మందికి ఒకరు అన్న మాట వైద్యరంగ చరిత్ర తెలిసినవారికి కొత్త కాదు. స్వాతంత్ర్యానికి ముందు సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన పనిచేసిన సంఘం 1946లో నివేదిక సమర్పించింది. అప్పటికి దేశంలో 6,300 మందికి ఒక వైద్యుడు ఉండగా, పాతికేళ్లలో, అంటే 1971 నాటికి, రెండు వేల మందికి ఒక వైద్యుడు ఉండాలని ఆ సంఘం లక్ష్యం పెట్టింది. దాదాపు అర్ధ శతాబ్దం ఆలస్యంగా, 2017-18 నాటికి దేశం చేరుకున్న చోటు అదే. లక్ష్యాన్ని మించిపోయామని చెప్పుకుంటున్నది ఈ స్థితిలోనే.

ఇక ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం మాట. వెయ్యి మందికి ఒక వైద్యుడు చాలునని ఆ సంస్థ ఏనాడూ నిర్ణయించలేదు. వైద్యులు, నర్సులు, మంత్రసానులు కలిసి వెయ్యి జనాభాకు కనీసం 2.28 మంది ఉండాలని 2006లోను, సుస్థిర అభివృద్ధి లక్ష్యాల కోసం 4.45 మంది ఉండాలని 2016లోను అది పేర్కొన్నది. నర్సును విడిచిపెట్టి డాక్టరును మాత్రమే లెక్కించే ప్రమాణం దానిది కాదు. ఎవరూ పెట్టని పరీక్షలో ఉత్తీర్ణులమైనట్లు మనం మురిసిపోతున్నాము.

కళాశాలలు పెరిగితే చాలునా?

డాక్టర్ల కొరత తీరాలంటే కళాశాలలు పెట్టాలన్నది ప్రభుత్వాల సమాధానం. ఈ దిశలో జరిగిన ప్రయత్నం చిన్నది కాదు. 2014కు ముందు దేశంలో 387 వైద్య కళాశాలలు, 51,348 ఎం.బి.బి.ఎస్. సీట్లు ఉండేవి. 2024-25 నాటికి కళాశాలలు 780కి, సీట్లు లక్షా పదివేలు దాటి పెరిగాయి. అయిదేళ్లలో మరో 75 వేల సీట్లు చేర్చుతామని కేంద్రం ప్రకటించింది. ఆంధ్ర ప్రదేశ్‌లో 2023 సెప్టెంబరులో ఒకే రోజు అయిదు ప్రభుత్వ కళాశాలలు ప్రారంభమయ్యాయి. తెలంగాణలో 2022లో ఎనిమిది, 2023లో తొమ్మిది తెరిచారు.

అయితే గోడలు లేచినంత వేగంగా గురువులు తయారుకారు. ఇందుకు జార్ఖండే నిదర్శనం. రాష్ట్రం ఏర్పడినప్పుడు రాంచీ, జంషెడ్‌పూర్, ధన్‌బాద్‌లలో మూడే ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉండేవి. దాదాపు రెండు దశాబ్దాలు మరొకటి రాలేదు. 2019లో దుమ్కా, హజారీబాగ్, పలామూలలో ఒక్కసారిగా మూడు తెరిచారు. మరుసటి సంవత్సరమే, బోధనా సిబ్బంది, సౌకర్యాలు చాలవన్న కారణంగా, వాటిలో కొత్త ప్రవేశాలకు అనుమతి రాలేదు. భవనం ఉన్నది, బోర్డు ఉన్నది, ఆచార్యుడు లేడు. సీట్ల పెంపకంలో పోటీ పడుతున్న తెలుగు రాష్ట్రాలు దీనిని హెచ్చరికగా తీసుకోవలసి ఉన్నది.

సీటు డాక్టరుగా మారడానికి అయిదున్నర ఏళ్లు, నిపుణుడు కావడానికి మరో మూడేళ్లు పడుతుంది. అప్పటికైనా అతడు పల్లెకు చేరుతున్నాడా? 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాలలో అవసరమైన నిపుణులలో నూటికి 79.5 మంది కొరత. శస్త్రవైద్యుల కొరత 83.2 శాతం, పిల్లల వైద్యుల కొరత 81.6 శాతం. ఆ కేంద్రాలకు సిజేరియన్ కోసం వచ్చిన తల్లిని పట్నానికి పంపించడమే అక్కడి వైద్యమవుతున్నది. లక్షలు పోసి ప్రైవేటు కళాశాలలో చదివిన యువకుడు పెట్టుబడి రాబట్టుకునే చోటికే వెళ్తాడు. అది అతని దుర్బుద్ధి కాదు; మనం పెట్టిన ఏర్పాటుకు సహజ ఫలితం.

ఖాళీని నింపుతున్నదెవరు?

వైద్యుడు లేని చోట వైద్యం ఆగదు. తెలుగు పల్లెలలో ఆర్.ఎం.పి. అని పిలిచే వ్యక్తి జార్ఖండ్‌లో మరో పేరుతో ఉన్నాడు. సూది వేస్తాడు, సెలైన్ పెడతాడు, అర్ధరాత్రి పిలిచినా వస్తాడు. 2001 జనాభా లెక్కలను విశ్లేషించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అల్లోపతి వైద్యులమని చెప్పుకున్నవారిలో నూటికి 57 మందికి వైద్య విద్యార్హత లేదు. గ్రామాలలో అర్హత ఉన్నవారు నూటికి 19 మంది కూడా లేరు.

ఈ స్థితికి ఒక పాత నిర్ణయంతో సంబంధమున్నది. భోర్ సంఘం నాటికి దేశంలోని డాక్టర్లలో ఎక్కువమంది పట్టభద్రులు కారు, తక్కువ కాలపు కోర్సు చదివిన లైసెన్షియేట్లు. చిన్న ఊళ్లలో వైద్యం చాలావరకు వారి చేతుల మీదుగా నడిచింది. ఇకపై ఒకే స్థాయి డాక్టరు ఉండాలని సంఘంలో మెజారిటీ నిర్ణయించగా, దేశం పరిస్థితులలో అది తొందరపాటవుతుందని కొందరు సభ్యులు భిన్నాభిప్రాయం రాశారు. మెజారిటీ మాట నెగ్గింది. లైసెన్షియేటు పోయాడు, ఆ స్థానంలోకి పట్టభద్రుడు రాలేదు, ఏ చదువూ లేనివాడు వచ్చాడు.

జార్ఖండ్ పుట్టిన నెలలోనే పుట్టిన ఛత్తీస్‌గఢ్ ఈ తప్పును దిద్దడానికి ప్రయత్నించింది. 2001లో మూడేళ్ల వైద్య కోర్సు ప్రారంభించింది. వైద్య వర్గాల వ్యతిరేకత, న్యాయ చిక్కుల మధ్య కోర్సు కొన్నేళ్లకే ఆగిపోయింది. అయినా అప్పటికే చదివినవారిని గ్రామీణ వైద్య సహాయకులుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో నియమించారు. తరువాత జరిగిన అధ్యయనంలో, సాధారణ జబ్బులకు వారు చేసే వైద్యం ఎం.బి.బి.ఎస్. డాక్టర్ల వైద్యానికి తీసిపోలేదని తేలింది. పల్లెవారికి రెండో రకం వైద్యమా అన్న ఆక్షేపణ గౌరవించదగినదే. కాని నేడు పల్లెవారికి అందుతున్నది మొదటి రకమూ కాదు, రెండో రకమూ కాదు.

స్థోమత ఉన్న రోగి ఊరు విడిచి వెళ్తాడు. జార్ఖండ్ నుంచి వెల్లూరుకు వైద్యం కోసం వెళ్ళేవారు ధన్‌బాద్-అలెప్పీ ఎక్స్‌ప్రెస్‌లో విశాఖపట్నం, విజయవాడ మీదుగానే కాట్పాడిలో దిగుతారు. వారి రైలు ఖర్చు, బస ఖర్చు, పోయిన కూలి ఏ ఆరోగ్య బడ్జెట్టులోను కనిపించవు. దేశంలో ఆరోగ్యంపై అయ్యే ఖర్చులో 2021-22లో కూడా నూటికి 39 రూపాయలు ప్రజలు తమ జేబుల నుంచి పెట్టుకున్నవే.

తలలు లెక్కించడం మాని...

చేయవలసింది తెలియని విషయం కాదు. మొదటిది, రిజిస్టరును నమ్మదగినదిగా మార్చాలి. ప్రతి వైద్యుని పేరు కొత్తగా నమోదు చేసే జాతీయ వైద్య రిజిస్టరును 2024 ఆగస్టులో ప్రారంభించారు గాని, నమోదు మందకొడిగా సాగింది. అది పూర్తయి, ఎవరు ఏ మండలంలో రోగులను చూస్తున్నారో ప్రజలకు తెలియాలి. పార్లమెంటుకు చెప్పవలసిన అంకె అది.

రెండవది, ఖాళీగా ఉన్న ప్రభుత్వ ఉద్యోగాలను భర్తీ చేయాలి. కాంట్రాక్టు మీద కొన్ని నెలలకు తీసుకుని, జీతం ఆలస్యంగా ఇచ్చి, ఇల్లు చూపకుండా, నర్సును ఇవ్వకుండా డాక్టరు నిలవలేదని నిందించడం న్యాయం కాదు. తమిళనాడు ప్రత్యేక నియామక మండలి పెట్టి వైద్యులను క్రమం తప్పక తీసుకుంటున్నది. గ్రామాలలో ప్రభుత్వ సేవ చేసినవారికి పి.జి. సీట్లలో కోటా ఇచ్చే అధికారం రాష్ట్రాలకు ఉన్నదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తీర్పు చెప్పింది. ఆ దారి అన్ని రాష్ట్రాలకూ తెరిచే ఉన్నది.

మూడవది, నర్సును, సహాయక వైద్యుని లెక్కలోకి, బాధ్యతలోకి తేవాలి. నాలుగవది, సంతాలీ, హో భాషలు మాట్లాడే పిల్లలు అక్కడి కళాశాలలలో ఎక్కువగా చదివే ఏర్పాటు ఉండాలి. రోగి నొప్పిని అతని మాటలోనే విని అర్థం చేసుకునే వైద్యుడు ఆ ఊరిలో నిలిచే అవకాశమూ ఎక్కువ. శ్రీకాకుళం, ఆదిలాబాద్ మన్యాలకు కూడా ఇది వర్తిస్తుంది.

లాభం కోసం పుట్టిన ఒక కంపెనీ 1908లో సాక్చి అడవిలో ఆస్పత్రి పెట్టి వైద్యులను నిలుపుకోగలిగింది. దానికి తన కార్మికుడు ఆరోగ్యంగా ఉండటం అవసరం. ఆ అవసరం ప్రభుత్వానికి తన పౌరుని విషయంలో కలిగిన నాడు డుమరియాకు డాక్టరు చేరతాడు. అంతవరకు 811 అన్నది పార్లమెంటు జవాబులో ఒక అంకె మాత్రమే. జ్వరంతో ఉన్న బిడ్డను ఎత్తుకుని ఆరోగ్య కేంద్రం గడపలో కూర్చున్న తల్లికి ఆ అంకెతో పని లేదు.